ఉత్తర మిన్నెసోటాలో 20 ఎకరాలు: బోరు, సెప్టిక్, కట్టెల పొయ్యి, పర్మిట్లు

పల్లెపిలుపు:
అందరికీ నమస్కారం. సెయింట్ లూయిస్ కౌంటీలో, డులూత్‌కి ఉత్తరంగా 20 ఎకరాల స్థలం బేరంలో ఉంది. పది ఎకరాల దాకా అడవి, ఐదెకరాలు పాత గడ్డి పొలం, మిగతాది చిత్తడి. రోడ్డు వెంట కరెంటు స్తంభాలున్నాయి, ఇల్లు లేదు. 1,200 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుని సొంత బోరు, కట్టెల పొయ్యి, కొంత సోలార్, కూరగాయలు, 20 కోళ్లు పెట్టుకోవాలని. మిగిలిన గుడ్లు, పచ్చళ్లు అమ్మాలని కూడా. నాది హెచ్1బీ (ఉద్యోగ వీసా), ఐ-140 (గ్రీన్ కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) అయింది. మా ఆవిడకి హెచ్4 ఈఏడీ (పని చేసుకునే అనుమతి) ఉంది. ఆ కౌంటీలో ఏం కట్టినా పర్మిట్ అడగరని ఏజెంటు చెబుతున్నాడు. ఎంతవరకు నిజం? ముందు డబ్బు దేనికి పెట్టాలి?

కాగితాలపులి:
ముందు లాయరుకి. నవ్వులాట కాదండీ. మిన్నెసోటా చట్టం సెక్షన్ 500.221 ప్రకారం వ్యవసాయ భూమి కొనే మనిషి అమెరికా పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా అయ్యుండాలి. కొన్ని మినహాయింపులున్నాయి గానీ ఐ-140 అయితే చాలన్న మినహాయింపు అందులో లేదు. పంట, పశువులు, కోళ్లు పెంచడానికి పనికొచ్చే భూమి ఏదైనా ఆ నిర్వచనంలోకి వస్తుంది. మీ ఐదెకరాల గడ్డి పొలం మీదే చర్చ నడుస్తుంది. ఆ ముక్క జోనింగ్ ఏమిటో, పన్ను రికార్డులో ఏ తరగతిలో ఉందో చూపించి, మీ వీసా స్థితికి ఇది కుదురుతుందో లేదో సంతకానికి ముందే రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. అమ్మేవాళ్లకీ ఏజెంటుకీ ఈ సెక్షన్ గుర్తుండదు, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమూ వాళ్లకి లేదు.

రెండోది కేంద్ర చట్టం, 1978 నాటి ఆఫిడా (విదేశీయులు కొన్న వ్యవసాయ భూమిని వెల్లడించే చట్టం). గ్రీన్ కార్డు లేని విదేశీయుడు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం వ్యవసాయ శాఖకి ఇవ్వాలి. అడవి, కలప భూమి కూడా లెక్కలోకి వస్తుంది. మొత్తం 10 ఎకరాల లోపు ఉండి, దాని మీద వచ్చే రాబడి ఏడాదికి 1,000 డాలర్లు దాటకపోతే మినహాయింపు. మీకు 20 ఎకరాలు కాబట్టి అది వర్తించదు. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు.

మూడోది అమ్మకం. మీరు హెచ్1బీ మీద ఉండి గుడ్లు అమ్మితే అది అనుమతి లేని పని. ఈఏడీ ఉన్న మీ ఆవిడ పేరు మీద, ఆవిడే చేసే పనిగా ఉండాలి. ఆ ఈఏడీ ఏ రోజు ముగుస్తుందో ఆ రోజే అమ్మకమూ ఆగాలి.

సుపీరియర్_ఒడ్డు:
పులిగారు చెప్పింది తేలాక నేల సంగతి. ఏజెంటు చెప్పింది సగం నిజం. ఆ కౌంటీ గ్రామీణ ప్రాంతంలో చాలాచోట్ల ఇంటికి బిల్డింగ్ కోడ్ ఇన్‌స్పెక్షన్ ఉండదు. పట్టణాలు, కొన్ని టౌన్‌షిప్పులు మాత్రం సొంతంగా అమలు చేస్తాయి, అందుకే ఆ టౌన్‌షిప్పు క్లర్కుకి ఒక ఫోన్ కొట్టండి. ఇన్‌స్పెక్షన్ లేనిచోట కూడా ఇవి తప్పవు: కౌంటీ ల్యాండ్ యూజ్ పర్మిట్, సెప్టిక్ పర్మిట్, రాష్ట్ర ఎలక్ట్రికల్ పర్మిట్, బోరు నోటిఫికేషన్. సొంత ఇంటి వైరింగ్ మీరే చేసుకోవచ్చు, కానీ పర్మిట్ తీసి, గోడలు మూయకముందే ఇన్‌స్పెక్టరుకి చూపించాలి.

ఇన్‌స్పెక్టర్ రాడు కదా అని కోడ్ అంకెలు వదిలేయకండి, అవి అక్కడి చలికి తగ్గట్టు పెట్టినవి. ఉత్తర జిల్లాల్లో పునాది అడుగు 60 అంగుళాల లోతున ఉండాలి, దక్షిణాన అయితే 42. మంచు బరువు లెక్క ఉత్తరాన చదరపు అడుగుకి 60 పౌండ్లు. హైదరాబాదు ప్లాన్లలోలాగా చదును కప్పు వేస్తే ఫిబ్రవరిలో పార పట్టుకుని పైకెక్కాలి.

డబ్బు మొదట పెట్టాల్సింది నేల పరీక్షకి. లైసెన్సు ఉన్న సెప్టిక్ డిజైనర్‌తో గుంటలు తవ్వించి మట్టి చూపించండి. మట్టిలో బూడిద రంగు, తుప్పు రంగు మచ్చలు ఏ లోతున మొదలైతే నీళ్లు ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు అక్కడిదాకా వస్తాయని అర్థం. ఎండాకాలం గుంట పొడిగా కనపడినా మచ్చల మాటే లెక్క. సెప్టిక్ నీళ్లు ఇంకే అడుగు నుంచి ఆ మచ్చల దాకా 3 అడుగుల మట్టి ఉండాలి. ఆ ప్రాంతంలో చాలాచోట్ల ఒక అడుగు, అడుగున్నరకే మచ్చలు తగులుతాయి. అప్పుడు ఇసుక తెచ్చి పైకి మౌండ్ కట్టడమే మార్గం. మామూలు ట్రెంచ్ కంటే ఖర్చు బాగా ఎక్కువ, పంపు కూడా కావాలి. మూడు పడకగదులకి రోజుకి 450 గ్యాలన్ల లెక్క, ట్యాంకు 1,000 గ్యాలన్లకి తగ్గకూడదు. నేల గడ్డకట్టాక గుంటలు తవ్వలేరు, కాబట్టి అక్టోబరు దాటనివ్వకండి.

చిత్తడిదారి:
మిగతాది చిత్తడి అని ఒక్క ముక్కలో దాటేశారు, అసలు ప్రమాదం అక్కడుంది. 1991 నాటి వెట్‌ల్యాండ్ చట్టం ప్రకారం చిత్తడిని పూడ్చినా, కాలువ తీసి ఎండబెట్టినా ముందు అనుమతి కావాలి, పోయిన చిత్తడికి బదులు మరోచోట చూపించాలి. ఇంటికి వేసే దారి కూడా పూడ్చడమే. ఇల్లు కట్టే మెరక చిత్తడికి అవతలి వైపు ఉంటే ఆ దారికే మీ బడ్జెట్ కరిగిపోతుంది. చెరువుకి 1,000 అడుగుల లోపు, ఏటికి 300 అడుగుల లోపు అయితే షోర్‌ల్యాండ్ నిబంధనలు వేరే.

ఇంకో రెండు చూడండి. రోడ్డు ఏ రకం? మినిమమ్ మెయింటెనెన్స్ బోర్డు ఉంటే చలికాలంలో మంచు తీసే ప్లౌ రాదు. దారి పక్కవాడి భూమిలోంచి వెళ్తుంటే ఈజ్‌మెంట్ (దారి హక్కు) రిజిస్టర్ అయి ఉండాలి, నోటి మాట చెల్లదు. ఆ స్థలం ఎప్పుడైనా పన్ను కట్టక ప్రభుత్వపరమై మళ్లీ అమ్ముడైనదైతే ఖనిజ హక్కులు రాష్ట్రం దగ్గరే ఉండిపోయి ఉంటాయి. ఇనుప గనుల సీమ కాబట్టి అది అలంకారానికి రాసిన షరతు కాదు.

పల్లెపిలుపు:
చాలా థాంక్స్. మౌండ్ ఖర్చు తప్పించుకోవడానికి మొదటి రెండేళ్లు పిట్ టాయిలెట్ పెట్టి, వంటింటి నీళ్లు బయటికి వదిలితే?

సుపీరియర్_ఒడ్డు:
పిట్ టాయిలెట్ చట్టబద్ధమే, కానీ దానికీ అదే 3 అడుగుల దూరం. మచ్చలు అడుగున్నరకే ఉంటే నీళ్లు ఇంకని సీల్డ్ ట్యాంకు పెట్టి పంప్ చేయించాలి. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు నేల మీదికి వదలడం కుదరదు, వాటికీ ఇంకే ఏర్పాటు చూపించాలి. ఇంట్లోకి ప్రెషర్ పంపుతో నీళ్లొచ్చాయంటే పూర్తి సిస్టం అడుగుతారు. బకెట్లతో మోసుకునే గుడిసెకి నిబంధనలు కొంచెం తేలిక, కుటుంబంతో ఏడాది పొడుగునా ఉండడానికి అది సరిపోదు.

సెప్టిక్ గడ్డకట్టేది ఎందుకంటే, ఎక్కువసార్లు సన్నటి ధార వల్ల. కారే ట్యాపు, హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ నుంచి బొట్లు బొట్లుగా పడే నీరు పైపులోనే పొరలు పొరలుగా గడ్డకట్టి మూసేస్తాయి. ఫర్నేస్ నీటిని చిన్న ట్యాంకులో పోగుచేసి ఒకేసారి వదిలే పంపు పెట్టండి. మౌండ్‌కి పోయే పైపు పంపు ఆగగానే ట్యాంకులోకి వెనక్కి ఖాళీ అయ్యేలా వాలు ఉండాలి. మధ్యలో పైపు కుంగితే నీళ్లు నిలిచేది అక్కడే, పగిలేదీ అక్కడే. మొదటి ఏడాది మౌండ్ మీద గడ్డి ఇంకా పట్టి ఉండదు, కాబట్టి చలికి ముందు 8 నుంచి 12 అంగుళాల ఎండుగడ్డి పరవండి. దాని మీద స్నోమొబైల్ నడపనివ్వకండి, మంచు నొక్కుకుపోతే దుప్పటిలా కాపాడే గుణం పోతుంది.

బోరు: సొంత ఇంటికి మీరే బోరు వేసుకునే వెసులుబాటు మిన్నెసోటాలో ఉంది, కానీ హెల్త్ డిపార్టుమెంటుకి నోటిఫికేషన్, నిర్మాణ నిబంధనలు అవే. అక్కడి రాతినేలలో లైసెన్స్‌డ్ డ్రిల్లరే నయం. సెప్టిక్ ట్యాంకు నుంచి, ఇంకే మౌండ్ నుంచి 50 అడుగుల దూరం. కేసింగ్ (బోరులో దించే గొట్టం) 50 అడుగుల లోతు లేకుండా, పైన పది అడుగుల బంకమట్టి పొర కూడా లేకపోతే మౌండ్ నుంచి దూరం 100 అవుతుంది. కొత్త బోరుకి కోలిఫాం, నైట్రేట్, ఆర్సెనిక్ పరీక్ష తప్పనిసరి. అమ్మే మనిషి ఆ స్థలంలో ఉన్న పాత బావులు, సెప్టిక్ గురించి రాసివ్వాలి. సీల్ చేయని పాత బావి ఉంటే ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి.

కేసింగ్ నుంచి ఇంటికి పైపు పిట్‌లెస్ అడాప్టర్‌తో నేల అడుగునుంచే తీయాలి. పునాదికి 60 అంగుళాలు చాలు గానీ పైపుకి 7, 8 అడుగులు పెట్టండి. ముఖ్యంగా కారు తిరిగే దారి కింద. అక్కడ మంచు ఎత్తిపోస్తాం, నేల బోసిగా ఉంటుంది, చలి ఇంకా లోతుకి దిగుతుంది. రాయి తగిలి లోతు దొరకకపోతే పైపు మీద 2 అంగుళాల మందం, 4 అడుగుల వెడల్పు ఎక్స్‌పీఎస్ ఫోం పలకలు పరవండి.

కోడికూత:
కోళ్ల కాడ నల్లా గురించి ఒక్క మాట అన్నా. ఫ్రాస్ట్ ఫ్రీ హైడ్రెంట్ పెట్టిస్తే కింద కంకర పోయించు. పిడి దించంగనే పైపుల నీళ్లు అడుగు రంధ్రంల నుంచి ఇంకిపోతయ్, అదే దాని కీలకం. హోస్ తగిలిచ్చి వదిలితే నీళ్లు దిగవు, పొద్దుగాల వరకు పైపు పగులుతది. కొత్తోళ్లకు ఎక్కువ పోయేది గిట్లనే.

కోళ్లు చలికి చావవు, తేమకు చస్తయ్. గూడు గట్టిగ మూసేస్తే రెట్ట నుంచి, ఊపిరి నుంచి వచ్చే తేమ జుట్టు మీద పేరుకోని ఫ్రాస్ట్‌బైట్ అయితది. కప్పు శిఖరం కాడ గాలి పోయే సందు ఎప్పటికీ తెరిచే ఉండాలె, కూసునే కర్ర మీదికి మాత్రం గాలి కొట్టొద్దు. కోడికి 4 చదరపు అడుగులు, కింద రంపపు పొట్టు మందంగ. జుట్టు చిన్నగున్న జాతులు తీసుకో: వయాన్‌డాట్, బక్‌ఐ, కెనడాల తయారైన షాంట్‌క్లేర్. లెగ్‌హార్న్ పుంజుకు అంత జుట్టుంటది, మొదలు పోయేది అదే. గుడ్లు కావాలంటే వెలుతురు 14 గంటలు ఉండేటట్టు చిన్న ఎల్‌ఈడీకి టైమర్ పెట్టు. హీట్ ల్యాంపు మాత్రం వద్దు, పొట్టులో పడ్డదంటే గూడు కాలుతది. వేడి చేసే నీళ్ల గిన్నె ఒక్కటి చాలు.

బర్చ్‌మొద్దు:
కట్టెల లెక్క వేసి చెబుతాను, ఎందుకంటే చాలామంది సగమే పోగు చేసుకుంటారు. బాగా ఇన్సులేట్ చేసిన 1,200 చదరపు అడుగుల ఇల్లు ప్రతి డిగ్రీ తేడాకి గంటకి సుమారు 300 బీటీయూ (వేడి కొలత) పోగొట్టుకుంటుందనుకుందాం. డులూత్ వైపు ఏడాదికి హీటింగ్ డిగ్రీ డేస్ (రోజూ బయట ఎన్ని డిగ్రీల చలి తక్కువపడిందో ఏడాది మొత్తానికి కూడిన లెక్క) 9,300 దాకా వేసుకోండి. 300 × 24 × 9,300 అంటే దాదాపు 6.7 కోట్ల బీటీయూ. ఎండిన పేపర్ బర్చ్ ఒక కార్డ్‌లో 2 కోట్ల బీటీయూ ఉంటుంది, పొయ్యి సామర్థ్యం 70 శాతం అనుకుంటే చేతికొచ్చేది 1.4 కోట్లు. అంటే 5 కార్డ్‌ల లోపు. పాపుల్ (ఆస్పెన్) అయితే 6.5 నుంచి 7. షుగర్ మేపుల్ దొరికితే 4. ఇన్సులేషన్ నాసిగా ఉంటే అన్నీ రెట్టింపుకి దగ్గరవుతాయి, కాబట్టి రంపం కంటే ముందు అటకలో సెల్యులోజు కొనండి.

కార్డ్ అంటే 4 × 4 × 8 అడుగులు, 128 ఘనపుటడుగులు. అమ్మేవాడు ఫేస్ కార్డ్ అంటే 16 అంగుళాల ముక్కల ఒకే వరస, మూడో వంతు మాత్రమే. ధర అడిగే ముందు ఏ కార్డ్ అని అడగండి.

తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరు సూదులు మొద్దు బయట గుచ్చితే అబద్ధం చెబుతుంది, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి. బర్చ్‌ని కోసి చీల్చకుండా వదిలితే దాని బెరడు నీళ్లు పోనివ్వదు, లోపలే కుళ్లుతుంది. కోసిన వారంలో చీల్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదలండి. ఓక్‌కి రెండు ఎండాకాలాలు కావాలి.

పొయ్యి 2020 ఈపీఏ ప్రమాణానిది కొనండి: పొగ కణాలు గంటకి 2 గ్రాములు, నిజమైన కట్టెలతో పరీక్షించిన మోడల్‌కి 2.5. చిమ్నీ కప్పుని చీల్చుకొచ్చిన చోట కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల పరిధిలో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. బయటి గోడ వెంట లేపిన చిమ్నీ చల్లగా ఉండి పొగ 250 ఫారన్‌హీట్ కిందికి పడిపోతుంది, క్రియోసోట్ (పొగ తారు) అంటుకునేది అక్కడే. ఇంటి మధ్యలోంచి పైకి తీయండి. ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్‌స్టలేషన్ ఫొటోలు అడుగుతుంది, తీసి దాచుకోండి. ప్రతి పడకగదికీ 10 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలన్నది రాష్ట్ర చట్టం.

వోల్టురాజు:
స్తంభాలు రోడ్డు మీదే ఉంటే కరెంటు తీసుకుని సోలార్‌ని తోడుగా పెట్టుకోండి. డిసెంబరులో అక్కడ పనికొచ్చే ఎండ రోజుకి 2, 3 గంటలే, మబ్బు పడితే వారమంతా సున్నా.

చలిలో పాడయ్యేవి రెండు. ఒకటి కంట్రోలర్, అంటే ప్యానెళ్ల నుంచి బ్యాటరీ చార్జింగ్‌ని నియంత్రించే పెట్టె. చలి పెరిగేకొద్దీ ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. 49.5 వోల్టుల ఓసీ (లోడు లేనప్పటి వోల్టేజీ) ఉన్న ప్యానెళ్లు మూడు సిరీస్‌లో పెడితే 148.5, 150 వోల్టుల కంట్రోలరుకి సరిపోయినట్టే కనిపిస్తుంది. డిగ్రీ సెల్సియస్‌కి 0.27 శాతం చొప్పున, -40 దగ్గర అది 174 దాటుతుంది. సూర్యుడు పొడిచిన మొదటి నిమిషంలోనే కంట్రోలర్ కాలిపోతుంది. ఎలక్ట్రికల్ కోడ్ పట్టికలో -40కి గుణకం 1.25, అంటే 185 వోల్టులు. 250 వోల్టుల కంట్రోలర్ కొనండి, లేదా రెండేసి ప్యానెళ్లు పెట్టండి.

రెండోది బ్యాటరీ. లిథియం ఫాస్ఫేట్ సున్నా సెల్సియస్ కింద చార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా చెడుతుంది. షెడ్డులో కాదు, ఇంటి లోపలి యుటిలిటీ గదిలో పెట్టండి.

బర్చ్‌మొద్దు:
రాజుగారూ, షెడ్డులోనే పెట్టాలంటే లెడ్ యాసిడ్ మేలు కదా? చలికి అది తట్టుకుంటుంది.

వోల్టురాజు:
నిండుగా చార్జ్ ఉంటే తట్టుకుంటుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం నీళ్లలా పలచబడి -8 సెల్సియస్ ప్రాంతంలోనే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. డిసెంబరులో ఎండ లేక దిగిపోయేది కూడా అదే వారంలో. పైగా ఆ చలిలో దాని సామర్థ్యం సగానికి పడిపోతుంది. నా ఓటు లోపలి గదికే.

ప్యానెళ్లు నేల మీద స్టాండుకి, 60 నుంచి 75 డిగ్రీల వాలులో. మంచు జారిపోతుంది, నేల మీది మంచు వెలుగూ కొంత తగులుతుంది. కింది అంచు నేల నుంచి 3 అడుగులైనా లేపండి, జారిన మంచు అక్కడే కుప్పపడుతుంది.

గోంగూరమడి:
కూరగాయల మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడ లోతట్టు పల్లపు స్థలాల్లో జూన్ మొదటి వారం దాకా మంచు కురవొచ్చు, సెప్టెంబరు మొదట్లోనే మళ్లీ మొదలు. మధ్యలో 90 రోజులే నమ్ముకోండి.

మెంతికూర, ముల్లంగి, కొత్తిమీర, తోటకూర బాగా వస్తాయి. గోంగూర పొట్టి పగళ్లకి పూస్తుంది, అక్కడి వేసవి పగళ్లు పొడుగు కాబట్టి పూతకి పోకుండా ఆకు ఇస్తూనే ఉంటుంది. విత్తనం మాత్రం అక్కడ తయారవదు, ఏటా కొనుక్కోవాలి. చిక్కుడుకి ఇదే గుణం శాపం: మన పందిరి చిక్కుళ్లలో చాలావాటికి పొట్టి పగళ్లు వస్తేనే పూత, ఆ పూత కాయయ్యేలోపు మంచు కొట్టేస్తుంది. పగటి పొడుగుతో సంబంధం లేని పొట్టి రకాలు అడిగి తెప్పించుకోండి. బెండకి నేల 65 ఫారన్‌హీట్ వేడెక్కాలి. నల్ల ప్లాస్టిక్ పరిచి, జూన్ రెండో వారంలో నాలుగు వారాల నారు పెట్టండి. సొరకాయ ప్లాస్టిక్ కప్పిన హూప్ హౌస్‌లోనే. కంది మాట మర్చిపోండి.

నిల్వకి నేలమాళిగ. బంగాళాదుంపకి 38 నుంచి 40 ఫారన్‌హీట్, తేమ 90 శాతం పైన. అంతకన్నా చల్లబడితే పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది. క్యారెట్‌కి 32, తడి ఇసుకలో. ఉల్లి, వెల్లుల్లికి చల్లదనం కావాలి గానీ పొడిగా, 60, 70 శాతం తేమలో. గుమ్మడికి 50 పైన, అంటే ఇంట్లోనే ఏ చల్లటి గదిలోనో. ఆపిల్స్ దుంపల పక్కన పెట్టకండి, వాటి వాయువుకి దుంపలు మొలకెత్తుతాయి. గాలికి 4 అంగుళాల పైపులు రెండు: లోపలికొచ్చేది నేల దగ్గర తెరుచుకోవాలి, బయటికి పోయేది కప్పు దగ్గర నుంచి.

పల్లెపిలుపు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. పచ్చళ్ల అమ్మకం గురించి ఎవరైనా చెబుతారా? ఆవకాయ, గోంగూర పచ్చడి, టమాటా పచ్చడి అనుకుంటున్నాం.

కాగితాలపులి:
మిన్నెసోటా రాజ్యాంగంలోనే ఒక వాక్యం ఉంది, 1906 నుంచి: తను సాగు చేసే పొలం, తోట పంటని ఎవరైనా లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చు. గోంగూర కట్టలు, దుంపలు దాని కిందికి వస్తాయి. లైసెన్సు అక్కర్లేకపోయినా శుభ్రత నిబంధనలు వర్తిస్తాయి. గుడ్లు 45 ఫారన్‌హీట్ లోపు ఉంచాలి. పచ్చట్లో బజారు నూనె, ఉప్పు, కారం పడ్డాయంటే ఆ వాక్యం వర్తించదు.

అప్పుడు కాటేజ్ ఫుడ్ చట్టం, ఇంట్లో చేసిన తిండి అమ్మకానికి. రాష్ట్ర వ్యవసాయ శాఖలో శిక్షణ, రిజిస్ట్రేషన్ తీసుకుంటే మనిషికి ఏడాదికి 78,000 డాలర్ల దాకా అమ్మొచ్చు. షరతు పీహెచ్ (పులుపు కొలత, తక్కువైతే పులుపు ఎక్కువ) 4.6, అంతకన్నా తక్కువ. టమాటా పచ్చడికి చింతపండు పడుతుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా ప్రతి వంటకాన్నీ కొలిచి రాసి పెట్టుకోవాలి. చిక్కు ఆవకాయలో వెల్లుల్లి. నూనెలో ముంచిన వెల్లుల్లి ఈ చట్టం కింద కుదరదు: గాలి తగలని చోట, పులుపు ఎక్కని రెబ్బలో బాట్యులిజం విషం పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. మామిడి ముక్క పుల్లగా ఉందని రెబ్బ మధ్యకి పులుపు చేరిందని చెప్పలేం. వెల్లుల్లి తీసేసి, కలిపి గ్రైండ్ చేసిన మాదిరికి పీహెచ్ కొలిచి, రెసిపీతో సహా శాఖకి మెయిల్ పెట్టి జవాబొచ్చాకే సీసాలు కొనండి.

లేబుల్ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేదా చిరునామా, తయారైన తేదీ, పదార్థాలు, ఇంట్లో చేసినదనీ రాష్ట్ర తనిఖీ లేదనీ చెప్పే వాక్యం ఉండాలి. నువ్వుల నూనె వాడితే నువ్వుల పేరు అలర్జీ జాబితాలో రాయాలి. 2023 నుంచి అది తొమ్మిదో ప్రధాన అలర్జెన్. డాలస్‌లో చెల్లెలి స్నేహితులు అడిగారని పార్సెల్ కడితే కుదరదు, రాష్ట్రం దాటిన అమ్మకానికి ఈ చట్టం పనిచేయదు.

సుపీరియర్_ఒడ్డు:
కొనుగోలు ఒప్పందంలో మూడు షరతులు రాయించుకోండి: మట్టి పరీక్షలో సెప్టిక్‌కి చోటు తేలాలి, చిత్తడి సరిహద్దు గుర్తించి ఇంటికి దారి వేసే వీలుండాలి, లాయరు 500.221 మీద అభిప్రాయం ఇవ్వాలి. ఏది కుదరకపోయినా బయానా వెనక్కి. దానికి 45 రోజుల గడువు అడగండి. డిజైనర్లు ఆగస్టు నుంచి తీరిక లేకుండా ఉంటారు, ముందు వాళ్ల తేదీ ఖాయం చేసుకుని ఆ తర్వాత ఆఫర్ పెట్టండి.